కార్బెట్టు దొర జీవితము

మన కోనసీమ బాలురకు కొండ యన నేమో పుస్తకములలోని బొమ్మలవలననే తెలియును. అమలాపురమునుండి రాజోలువఱకును, కొత్తపేటనుండి సముద్రతీరమువఱకును ఎటు చూచినను కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలే కాని యొక చిన్న గుట్టయైనను కానరాదు. రాజమహేంద్రవరము దాటి గోదావరిపై పడవలో ఎగువకు పోయినవారికే పాపికొండల దర్శనము లభించును. అచట మన నది రెండు కొండల నడుమ ఇఱుకుగా ప్రవహించును. ఇరుగట్టులయందును వెదురుపొదలు, మహావృక్షములు, వానిలోపల మృగములు, కొండరెడ్ల పల్లెలు. ఆ యడవి 1978వ సంవత్సరమున వన్యమృగ సంరక్షణాలయముగను, 2008వ సంవత్సరమున జాతీయ వనముగను ప్రకటింపబడినది. జాతీయ వనమనగా దేశ ప్రజలందఱి సొత్తుగా ఎంచి కాపాడబడు నడవి. అందు చెట్టు కొట్టరాదు, తుపాకి పేల్చరాదు.

ఇట్టి వనములు నేడు మన దేశమున నూఱింటికి మించియున్నవి. వానిలో మొట్టమొదటిది మాత్రము ఉత్తరమున, హిమాలయ పర్వతముల పాదమున, రామగంగానదీ తీరమున 1936వ సంవత్సరమున వెలసెను. ఆ వనమునకు నేడొక మనుష్యుని పేరున్నది. ఆ మనుష్యుడు ఋషి కాడు, రాజు కాడు, వృక్షశాస్త్ర పండితుడును కాడు. జీవితములో అధికభాగము తుపాకి చేతబట్టి పులులను చంపినవాడు. పులులను చంపినవాని పేరు పులులను కాపాడు వనమునకు ఎట్లు వచ్చెనో తెలిసికొనవలెనన్న ఆయన జీవితమును ఆమూలాగ్రముగా చూడవలసియున్నది.

ఎడ్వర్డు జేమ్సు కార్బెట్టు 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన నైనీతాలు పట్టణమున జన్మించెను. ఆయన పూర్వులు ఐర్లండు దేశీయులు. తాతలనాడే భారతదేశమునకు వచ్చి స్థిరపడిరి. తండ్రి ఆ పట్టణమున పోస్టుమాస్టరు. దొరల కుటుంబమన్నంతనే ధనవంతుల కుటుంబమని మనము తలంతుము గాని, వీరిది బహుసంతానము కలిగి పొదుపుగా దినములు గడపుకొను సంసారము. 1880వ సంవత్సరము సెప్టెంబరు మాసమున నైనీతాలులో ఎడతెగని వర్షమువలన కొండచఱియ విఱిగిపడి 151 మంది ప్రాణములు కోల్పోయిరి. మఱుసటి సంవత్సరమే తండ్రి మరణించెను. అప్పటికి జేమ్సు ఆఱేండ్లయినను నిండని పసివాడు. తల్లి మేరీ ఆ సంసార భారమునంతయు తన భుజములపై వేసికొని పిల్లలను పెంచెను. జేమ్సునకు ఒక యేడు పెద్దదగు అక్క మార్గరెట్టు ఆయనకు కడవఱకును తోడుగా నిలిచినది. వారిరువురును వివాహము చేసికొనలేదు.

వేసవియందు నైనీతాలులోను, శీతకాలమునందు కొండల క్రింది కాలాఢుంగీ గ్రామములోను ఆ కుటుంబము కాపురముండెడిది. కాలాఢుంగీ ఇంటి ముంగిటనే అడవి. బడిలో నేర్చిన చదువుకంటె ఆ యడవిలో నేర్చిన చదువే జేమ్సునకు జీవితాంతము ఉపయోగపడెననుట అతిశయోక్తి కాదు. (ఇట్లు వ్రాసితినని బాలురు బడి మానుకొందురేమో! ఆయన బడికిని క్రమముగా పోయినవాడేనని జ్ఞప్తియందుంచుకొనవలెను.) మొదట ఉండేలు, పిదప విల్లంబులు, ఆ పిదప ఒక పాత తుపాకి ఆ బాలుని చేతికి వచ్చినవి. ఆ తుపాకికి రెండు గొట్టములు గాని, వానిలో కుడిది పగిలినది. విఱిగిన కఱ్ఱను ఇత్తడి తీగతో చుట్టి కట్టిరి. దానితోనే ఒంటరిగా అడవిలో తిరుగుచు, ఏ పక్షి ఎందులకు కూయుచున్నదో, ఏ జాడ ఎంతసేపటిదో, కోతి కేకకును లేడి కేకకును అర్థమేమో ఆయన నేర్చుకొనెను. పక్షుల కూతలను, మృగముల అఱపులను ఆ మృగములే భ్రమపడునట్లు అనుకరింపగలిగెను. ఆ యూరి కుంవర్ సింగు అను వేటకాడు ఆయనకు గురుతుల్యుడు. ఆ వేటకాడు చట్టమును లెక్కసేయక దొంగవేటలాడువాడే. అయినను భయమును జయించుట, చెట్టెక్కుట, చెవులతో చూచుట అతడే నేర్పెను.

ఒకనాడు ఆ బాలుడు అడవికోళ్లకై పొంచి పొంచి యొక రేగుపొదను సమీపించెను. పొద కదలెను. ఆవలివైపునుండి యొక పెద్దపులి బయటికి వచ్చి, వెనుదిరిగి, తుపాకికంటె కొంచెము పొడవైన ఆ పిల్లవానిని తేఱిపాఱ చూచి, తొందరలేక తన దారిని తాను నడచిపోయెను. కోపము కాని భయము కాని లేని ఆ చూపు ఆయన మనస్సున ముద్రితమైపోయినది. పెద్దపులి అకారణముగా మనుష్యుని చంపదను నమ్మకమునకు అదియే బీజము.

పై చదువులకు ధనము లేదు. పదునెనిమిదేండ్లు నిండకమునుపే ఆయన బెంగాలు నార్తు వెస్టరను రైల్వేలో నూఱు రూపాయల జీతముపై కట్టెల పర్యవేక్షకుడుగా కుదిరెను. ఆ కాలమున ఆ రైలు యంత్రములకు బొగ్గునకు బదులు కట్టెలు వాడుచుండిరి. అడవిలో గుడారము వేసికొని, కూలీలచేత చెట్లు కొట్టించి, రైలుకట్టకు చేర్పించుట ఆయన పని. పెద్ద చెట్టొకటి కూలినప్పుడు దానిపైని గూళ్లును, దానిక్రింది పొదలలోని పిల్లలును ఏమగునో ఆయన ప్రతిదినము కన్నులార చూచెను. తల్లులను కోల్పోయిన పక్షికూనలును మృగశాబకములును ఆయన గుడారములోనికి వచ్చిచేరెను. కడుపుకూటికై అడవిని నఱికించువాడు ఆ యడవి పిల్లలను తన మంచము ప్రక్కను పెంచుచుండెను.

తరువాత గంగానదీ తీరమునందలి మోకామా ఘాటున ఆయనకు పని దొరకెను. నదికి ఈవల వెడల్పు పట్టాలు, ఆవల ఇఱుకు పట్టాలు. ఒక బండిలోని సరకునంతయు దింపి, నది దాటించి, మఱియొక బండిలో ఎక్కింపవలెను. యంత్రములు లేవు, అంతయు తలలమీదను గంపలతోను జరుగవలసినదే. ఆయన పని స్వీకరించునాటికి వేలకొలది టన్నుల సరకు గోదాములలో పేరుకొనియుండెను. తొలినెలలలో కంపెనీ నుండి సొమ్ము రాకపోవుటచే కూలీలకు ఇచ్చుటకు ఆయనవద్ద ధనము లేకపోయెను. తానును వారితోపాటు తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగూకువఱకు బరువులు మోసెను. వారు అర్ధాకలితోనైనను పని విడువలేదు. సొమ్ము వచ్చినపిదప ఆయన ఆ సంగతి మఱువలేదు. తనకు మిగిలిన లాభములో అధికభాగము ప్రతి క్రిస్మసు పండుగకును వారికే పంచియిచ్చెడివాడు. ఇరువదియేండ్లకు మించి ఆయన ఆ రేవునందే గడపెను.

మన పాఠశాల పిల్లలు తప్పక వినవలసిన సంగతి యొకటి ఈ మోకామా ఘాటులో జరిగెను. అచటి కూలీల బిడ్డలకు చదువు చెప్పుటకు కార్బెట్టును, స్టేషను మాస్టరు రాం శరణును కలిసి యొక బడి పెట్టిరి. ఇరువది మంది బాలురు చేరిరి. వెంటనే చిక్కు వచ్చిపడెను. అగ్రజాతుల పిల్లలు తక్కువ జాతులవారితో ఒక యింటిలో కూర్చుండరాదట! ఆ బడి ఉపాధ్యాయుడు బుద్ధిమంతుడు. ఆయన వాదులాడలేదు, ఉపన్యాసము చేయలేదు. ఆ పాక గోడలను మాత్రము తీయించివేసెను. గోడలు లేనిది ఇల్లు కాదు, పందిరి మాత్రమే. పందిరిక్రింద అందఱును కూర్చుండవచ్చును గదా. ఆ బడి నానాటికి పెరిగి రెండువందల మంది విద్యార్థులు గలది కాగా ప్రభుత్వమువారు దానిని స్వీకరించిరి. రాం శరణునకు రాయ్ సాహెబు బిరుదము లభించెను. ఆ రేవునందే చమారీ అను పేదవానిని, అతని కులము తక్కువయని ఎందఱు అభ్యంతరము చెప్పినను, కార్బెట్టు మేస్త్రీగా నియమించెను. ఆ చమారీ కలరావలన మరణించినప్పుడు అన్ని కులములవారును శవము వెంట నడచిరి.

ఇక ఆయనను లోకప్రసిద్ధుని చేసిన నరభక్షకముల వృత్తాంతము.

నేపాళములో రెండువందల మందిని చంపి, అచటివారిచే తఱుమబడి, ఒక ఆడుపులి కుమాయూను మండలములో ప్రవేశించెను. ఇచట నాలుగేండ్లలో మఱి 236 మందిని చంపెను. మొత్తము 436 ప్రాణములు! ఇంతటి లెక్క మఱి యే పులి విషయములోను కానరాదు. 1907వ సంవత్సరమున దానిని చంపుటకై కార్బెట్టు బయలుదేఱెను. బయలుదేఱుటకు ముందు ఆయన రెండు నియమములు పెట్టెను. బహుమానముగా ప్రకటించిన సొమ్మును ప్రభుత్వము రద్దు చేయవలెను. ఆ ప్రాంతమున తిరుగుచున్న ఇతర వేటగాండ్రను వెనుకకు పిలిపింపవలెను. సొమ్మునకై చంపువాడనిపించుకొనుటకు ఆయన ఇష్టపడలేదు.

ఆయన పాలీ అను గ్రామము చేరునప్పటికి అచటివారు అయిదు దినములుగా తలుపులు బిగించుకొని లోపలనే యుండిరి. పొలములో పంట ఎండుచుండెను. నీళ్లకు పోవువారు లేరు. పులి ఎత్తుకొనిపోయిన యొక స్త్రీయొక్క చెల్లెలు ఆ దృశ్యమును కన్నులార చూచి మాటపడిపోయి మూగదయ్యెను. అచటినుండి ఆయన చంపావతునకు పోయెను. అచట పులి ఒక కన్యకను ఎత్తుకొనిపోగా, ఆ రక్తపు జాడ వెంబడి ఆయన ఒంటరిగా లోయలోనికి దిగెను. మఱునాడు తహసీలుదారు ఊళ్లన్నియు తిరిగి 298 మందిని సమకూర్చెను. గొడ్డండ్లు, కఱ్ఱలు, డోళ్లు, లైసెన్సులేని తుపాకులు—ఎవరి చేతికి ఏది దొరకిన అది తెచ్చిరి. తహసీలుదారు ఆ తుపాకులను చూచియు చూడనట్లు ఊరకుండెను. ఆ కొండకొనపై వారందఱును ఒక్కసారిగా కేకలు వేసి డోళ్లు మ్రోగింపగా పులి లోయవైపు పరువెత్తెను. కార్బెట్టువద్ద మూడు గుండ్లు మాత్రమే యుండెను, మూడును ముగిసినవి, పులి గాయపడి నిలిచియున్నది. ఆయన పరువెత్తిపోయి తహసీలుదారు చేతిలోని పాత తుపాకిని లాగుకొనివచ్చి నాలుగవ గుండు పేల్చెను. పులి పడిపోయెను. పిదప చూడగా ఆ నాలుగవ గుండు పంజాకు మాత్రమే తగిలినది. పులిని చంపినవి మునుపటి గాయములే.

చచ్చిన పులి నోరు తెఱచి చూచినప్పుడే అసలు రహస్యము బయటపడెను. కుడిప్రక్క పైకోఱ సగమువఱకును, క్రిందికోఱ ఎముకవఱకును విఱిగియుండెను. ఎన్నడో, ఎవడో వేటగాడు గుఱితప్పి కాల్చిన గుండు దాని కోఱలను పోగొట్టెను. లేడిని పట్టి చంపజాలని పులి మెత్తనిదియు, పరువెత్తలేనిదియు అగు ఎరను వెదకికొనెను. అనగా 436 మంది మరణములకు మూలము ఒక మనుష్యుని అజాగ్రత్త! తరువాతి సంవత్సరములలో ఆయన చంపిన నరభక్షకములలో తఱచు ఇట్టి కారణమే కనబడెను. ముక్తేశ్వరము పులి ఏదుపందితో పోరాడి ఒక కన్ను పోగొట్టుకొని, సుమారు ఏబది ముండ్లు ముంజేతిలో గ్రుచ్చుకొనగా కుంటిదయ్యెను. పులి పుట్టుకతో క్రూరముకాదనియు, గాయమో ముసలితనమో దానిని మనుష్యునిమీదికి త్రోయుననియు ఆయన జీవితాంతము వాదించెను.

పాలీ గ్రామమునకు పులిచర్మమును తెచ్చి చూపగా, మూగవోయిన ఆ స్త్రీ చూచి, మాట తెచ్చుకొని, ఊరివారిని పిలుచుచు పరువెత్తెను. ఆ కేక విన్నప్పుడు కలిగిన సంతోషము మఱి యే వేటలోను కలుగలేదని ఆయన తలంచియుండుట యుక్తమే.

చిఱుతపులి కథ ఇంకను భయంకరము. బదరీ కేదార యాత్రకు పోవు బాటలో రుద్రప్రయాగ యున్నది. అలకనందా మందాకినులు అచటనే కలియును. ఆ పుణ్యమార్గమున 1918 మొదలు 1926 వఱకు ఎనిమిదేండ్లపాటు ఒక చిఱుతపులి 125 మందిని చంపెను. సూర్యాస్తమయమైనచో ఆ కొండప్రాంతమంతట తలుపులు మూతపడెడివి. మనుష్యుడొక్కడును బయట కనబడెడివాడు కాడు. ఆ మృగము తలుపులు త్రోసికొని వచ్చెను. నిద్రించుచున్నవారి నడుమనుండి, ప్రక్కవారికి తెలియకుండ ఒకరిని ఎత్తుకొనిపోయెను. జనులు అది మృగము కాదు, పిశాచమనిరి. 1918లో ఇన్‌ఫ్లూయెంజా జ్వరము వ్యాపించి వేలకొలది జనులు మరణించినప్పుడు దహనము చేయువారు లేక శవములను లోయలలోనికి త్రోసివేసిరనియు, చిఱుతలు మనుష్య మాంసమునకు అలవాటుపడుటకు అదియే కారణమనియు కార్బెట్టు అభిప్రాయము.

ఆయన ఒక సంవత్సరము పోయి విఫలుడై తిరిగివచ్చి, మఱుసటి సంవత్సరము మరల పోయెను. అలకనంద వంతెన గోపురముపై ఇరువది రాత్రులు గాలిలో చలిలో కూర్చుండెను, చిఱుత రాలేదు. విషము పెట్టెను, ఉచ్చులు పన్నెను, అన్నిటిని తప్పించుకొనెను. కడకు గులాబ్‌రాయ్ అనుచోట బాటప్రక్కనున్న మామిడిచెట్టెక్కి, క్రింద మెడకు గంట కట్టిన మేకను నిలిపి పది రాత్రులు కాచుకొనెను. పదునొకండవ రాత్రి కటికచీకటిలో మేక గంట గణగణలాడెను. విద్యుద్దీపమును వెలిగించి ఒక్క గుండు పేల్చెను. దీపము ఆరిపోయెను. గుండు తగిలెనో లేదో తెలియక తెల్లవాఱువఱకు చెట్టుపైననే కూర్చుండవలసి వచ్చెను. 1926వ సంవత్సరము మే మాసపు ఆ యుదయమున చూడగా కొంతదూరమున ఒక గుంటలో చిఱుతపులి చచ్చి పడియున్నది. మూతి నెరసి, పండ్లరిగిన ముసలి మృగము. ఇరుదేశములవారి పత్రికలలో ఎక్కి, పార్లమెంటులోను ప్రసంగింపబడిన ఆ పిశాచము అంతియే! అది ప్రకృతి ధర్మమును మీఱలేదు, మనుష్య ధర్మమును మాత్రమే మీఱినదని ఆయనకు తోచెను. విజయమునకు గర్వింపవలసిన వేళ ఆయనకు కలిగినది జాలి.

ఈ నడుమ మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. 1917వ సంవత్సరమున ఆయన కుమాయూను కొండలనుండి అయిదువందల మందిని కూర్చుకొని ఫ్రాన్సు దేశమునకు పోయెను. సముద్రమునైన చూడని ఆ పల్లెటూరివారిని కంటికి ఱెప్పవలె చూచుకొని, ఒక్కడు తప్ప అందఱను ఇండ్లకు చేర్చెను.

కాలాఢుంగీ చెంతనే ఛోటీ హల్ద్వానీ అను చిన్న గ్రామమును ఆయన 1915 ప్రాంతమున కొనియుండెను. నిర్జనమై పాడుపడియున్న ఆ భూమికి కౌలుదార్లను రప్పించి, కాలువలు త్రవ్వించి, అరటియు మొక్కజొన్నయు పండింపజేసెను. అడవిపందులు పంటను పాడుచేయుచుండగా గ్రామము చుట్టును రాతిగోడ పెట్టించెను. పందిని చంపుటకంటె గోడ కట్టుట కష్టమైన పని. అయినను గోడయే కట్టిరి. పంట పండించువానికిని అడవికిని గల తగవును ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

క్రమముగా ఆయన మనస్సు తుపాకినుండి మఱలెను. ఛాంపియను అను అటవీశాఖాధికారి పులులను ఛాయాచిత్రములు తీయుచుండుట చూచి, తానును చలనచిత్ర యంత్రమొకటి సంపాదించెను. యంత్రపు ధ్వని విని పులి పాఱిపోవుచుండెను. అంతట ఆయన ఒక సెలయేటికి అడ్డుగా చిన్నచిన్న కట్టలు కట్టి, ఆ జలపాతముల మ్రోతలో యంత్రపు ధ్వని కలిసిపోవునట్లు చేసెను. ఆ చప్పుడు చాటున పులులు ఒకటివెనుక ఒకటి నిర్భయముగా వచ్చి చిత్రములలో పడినవి. మన గోదావరి కాలువల గట్టులపై లాకుల మ్రోత వినుచు పెరిగిన మనకు ఈ యుపాయము సుబోధకమే. పాఠశాలలకు పోయి బాలురకు అడవి సంగతులు చెప్పుచు, మృగముల కేకలు వినిపించెడివాడు. పత్రికలలో వ్యాసములు వ్రాసెను. లైసెన్సు తుపాకులు, మోటారుబండ్లు హెచ్చినకొలది మృగములు అంతరించుచున్నవని 1930 తరువాత ఆయన పలుమాఱు హెచ్చరించెను.

రామగంగా లోయను మృగముల ఆశ్రయముగా ఉంచవలెనను ఆలోచన ఆయన యొక్కనిది కాదు. 1916 ప్రాంతముననే స్టీవెన్సు, స్మైతీసు అను అటవీశాఖాధికారులు దానిని ప్రభుత్వమునకు నివేదించిరి. అది అప్పుడు త్రోసివేయబడెను. పిదప సంయుక్త రాష్ట్రములకు గవర్నరగు సర్ మాల్కము హెయిలీ ఆ పక్షము వహించెను. ఎల్లలు నిర్ణయించునప్పుడు ఆ ప్రాంతపు ప్రతి వాగును, ప్రతి కాలిబాటయు తెలిసిన కార్బెట్టు సలహా అడిగిరి. 1935లో చట్టము పుట్టెను. 1936వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన సుమారు 323 చదరపు కిలోమీటర్ల యడవి హెయిలీ జాతీయ వనమను పేర ఏర్పడెను. భారతదేశమునకే కాదు, ఆసియాఖండపు ప్రధాన భూభాగమునకును అదియే మొదటి జాతీయ వనము. రామగంగానది కొండలలోనుండి పాట్లీదూను మైదానములోనికి దిగును. ఒడ్డున ఏనుగులను దాచగల యెత్తైన పచ్చికబీళ్లు, కొండవాలులందు సాలవృక్షములు, మడుగులలో మొసళ్లు, చేపలు. మండువేసవిలోను ఆ నది యెండదు; మృగములన్నియు నీటికి అచటికే దిగును. అట్టిచోటు దొరకుట అరుదు.

జీవితము వ్రాయువాడు లోపములను దాచరాదు. 1930వ సంవత్సరమున ఆయన పొవల్‌గఢ్ అడవిలో ఒక బ్రహ్మాండమైన మగపులిని చంపెను. అది ఎవరిని తిన్నదియు కాదు, ఎవరికి కీడు చేసినదియు కాదు. దాని పరిమాణమే దాని నేరము. జాతీయ వనము ఏర్పడినపిదపకూడ వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు వేటకు వచ్చినప్పుడు ఏర్పాట్లు చేసినవాడు కార్బెట్టే. పాలకజాతికి చెందినవాడగుటచే ఆయనకు లభించిన అధికారము, గౌరవము ఒక కుమాయూను వేటకానికి లభించియుండవు. గురువగు కుంవర్ సింగు పేరు కార్బెట్టు వ్రాసినందుననే మనకు తెలియుచున్నది. అయినను పేదల ఇండ్లలో కూర్చుండి, వారి భాషలో మాటలాడి, రోగులకు మందులిచ్చి, బహుమానము తీసికొనక ప్రాణమునకు తెగించినవాడనుట సత్యము. కడపటి నరభక్షకమగు ఠాక్ పులిని 1938 నవంబరులో చంపునాటికి ఆయనకు అఱువదిమూడేండ్లు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అడవులలో పోరాడు విధమును సైనికులకు నేర్పుచు ఆయన తీవ్రముగా జబ్బుపడెను. 1944వ సంవత్సరమున కుమాయూను నరభక్షకములను గూర్చిన ఆయన గ్రంథము బొంబాయిలో అచ్చయి లోకమంతటను వ్యాపించెను. తొలి కూర్పు ఆదాయమును యుద్ధములో చూపు పోగొట్టుకొన్న భారతీయ సైనికుల ఆశ్రమమునకు ఇచ్చివేసెను. పిదప రుద్రప్రయాగ చిఱుతను గూర్చియు, మోకామా ఘాటు కూలీలను, కాలాఢుంగీ పేదలను గూర్చియు గ్రంథములు వ్రాసెను. పులుల కథలకంటె ఆ పేదల కథలే నాకు హెచ్చు ప్రియమైనవి.

1947వ సంవత్సరము నవంబరులో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన మూడునెలలకు, అక్కయు తమ్ముడును నైనీతాలు ఇల్లు అమ్మివేసి ఆఫ్రికాఖండమునందలి కెన్యాకు వెడలిపోయిరి. క్రొత్త ప్రభుత్వము తమనెట్లు చూచునోయను సందేహము వారికి కలిగినది. ఆ సందేహము సరియైనదని నేను తలంపను. ఆయనను ప్రేమించిన జనులు ఆయనను వెడలగొట్టియుండరు. అయినను డెబ్బదిరెండేండ్ల వయస్సున, పుట్టిపెరిగిన కొండలను విడిచి, రైలెక్కునప్పటి ఆ యిరువురి దుఃఖమును ఊహింపవచ్చును. ఛోటీ హల్ద్వానీ భూములు కౌలుదార్లకే విడిచిరి.

కెన్యాలోని న్యేరి పట్టణమున వారు కాపురమున్న కుటీరము పూర్వము స్కౌటు ఉద్యమస్థాపకుడగు బేడెన్ పౌవెలు ప్రభువుకై కట్టబడినది. మన పాఠశాల స్కౌటు బాలురకు ఇది యొక విశేషము. 1952వ సంవత్సరము ఫిబ్రవరిలో బ్రిటిషు రాజకుమారి ఎలిజబెత్తు అచటి యొక చెట్టుపైని మేడలో అడవి మృగములను చూచుచు రాత్రి గడపినప్పుడు, డెబ్బదియాఱేండ్ల కార్బెట్టు కాపుగా వెంటనుండెను. ఆ రాత్రియే సాండ్రింగ్‌హాములో రాజు మరణించుటచే ఆమె చెట్టెక్కినప్పుడు రాజకుమారి, దిగునప్పటికి రాణి. 1955వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన కార్బెట్టు గుండెపోటుతో మరణించెను. న్యేరిలోని క్రైస్తవ శ్మశానవాటికయందు బేడెన్ పౌవెలు సమాధికి దాపుననే ఆయన సమాధియున్నది.

స్వాతంత్ర్యానంతరము హెయిలీ పేరు తొలగి ఆ వనము రామగంగా వనమయ్యెను. కార్బెట్టు మరణించినపిదప స్వతంత్ర భారత ప్రభుత్వమువారు ఆయన పేరే దానికి పెట్టిరి. వెడలిపోయిన పాలకుల పేర్లు వీథులనుండి తొలగించుచున్న ఆ దినములలో ఒక దొర పేరు క్రొత్తగా పెట్టుట సామాన్యము కాదు. 1972వ సంవత్సరపు గణనలో దేశమంతటను 1,827 పులులు మాత్రమే కనబడగా, 1973 ఏప్రిలు 1వ తేదీన పులుల సంరక్షణోద్యమము ఆ వనములోని ఢికాలాయందే ప్రారంభింపబడెను. మన తెలుగుదేశమున కృష్ణానదికి ఇరువైపుల నల్లమలయడవి పిదప ఆ యుద్యమమున చేరినదే. 1974లో కాలాగఢ్ ఆనకట్ట కట్టగా రామగంగ లోయలోని పచ్చికబీళ్లు కొన్ని నీట మునిగిపోయినవి. అది యొక పెద్ద నష్టము. అయినను 2022వ సంవత్సరపు గణనలో ఒక్క ఆ వనమునందే 260 పులులు లెక్కకు వచ్చినవి. దేశమునందలి మఱి యే వనమునందును అన్ని లేవు.

పులులు హెచ్చినకొలది వనపు సరిహద్దు గ్రామములలో గడ్డి కోయబోయిన స్త్రీలు, పశువుల కాపరులు పులివాతపడుట నేటికిని అప్పుడప్పుడు జరుగుచున్నది. చంపావతు కన్యక కథ ముగిసిపోయిన కథ కాదు. కాలాఢుంగీలోని కార్బెట్టు ఇల్లు నేడొక ప్రదర్శనశాల. యాత్రికులు అచట ఆయన కుర్చీని, వలలను, చిత్రపటములను చూచి పోవుదురు. దానికి కొంచెము దూరమున ఛోటీ హల్ద్వానీ చుట్టును ఆయన కట్టించిన రాతిగోడ అక్కడక్కడ కూలినను ఇప్పటికిని నిలిచియున్నది. దాని కీవల పొలములు, ఆవల అడవి.